మొదటి చేతి తుపాకీ: .32 రివాల్వరా, పిస్టలా? తాతగారి పాతది సరిపోతుందా?

జీడిపిక్క

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. పిక్కల సీజన్‌లో రైతుకి రొక్కమే ఇవ్వాలి, ఆ రొక్కంతో పొద్దుపోయాక కూడా మందస, వజ్రపుకొత్తూరు వైపు తిరగాలి. స్వీయరక్షణ కింద చేతి తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను, పోలీసు విచారణ వరకూ అయింది. మంజూరైతే ఏది కొనాలన్నదే ఇప్పుడు సమస్య.

చొక్కా కింద కనపడకుండా రోజూ పెట్టుకోగలగాలి. దాంతోనే వారానికోసారైనా గురి సాధన చెయ్యాలని ఉంది. .32 రివాల్వర్ తీసుకోవాలా, .32 పిస్టలా? ఇంకోటి, మా తాతగారి పేరు మీద పాత విలాయతీ .32 రివాల్వర్ ఉంది. లైసెన్సు ఎప్పటికప్పుడు రెన్యువల్ అవుతోంది, ఆయనకి 78 ఏళ్లు. కొత్తది కొనకుండా అదే నా పేరున మార్చుకోవచ్చా? మార్చుకున్నా పనికొస్తుందా? నాకు కాలేజీ ఎన్‌సీసీలో .22 రైఫిల్ పేల్చినంత వరకే తెలుసు.

మూడులాంతర్లు

రెండు పనులు ఒకే తుపాకీ మీద వేశారు, చిక్కంతా అక్కడే ఉంది. స్వీయరక్షణ లైసెన్సు మీద కొన్న .32తో వారం వారం సాధన కుదరదు. ఒకసారికి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులోనే రాస్తారు. వారానికి 50 పేల్చినా ఏడాదికి 2,600 కావాలి. మామూలు లైసెన్సుకి ఆ దరిదాపుల్లో కూడా ఇవ్వరు. పోనీ కొన్నే పేలుద్దాం, జీడితోటలోనో సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల మధ్యో అంటే అదీ చెల్లదు. లైసెన్సున్న షూటింగ్ రేంజ్‌లో మాత్రమే. కాబట్టి దగ్గర ఉంచుకోవడానికి .32 కొనండి, సాధనకి ఎయిర్ పిస్టల్ కొనండి. దాని సంగతి తెలిసినవాళ్లు ఇక్కడున్నారు, వాళ్లు చెప్తారు.

ఇక .32 ఎందుకంటే పెద్దగా వేరే దారి లేదు. 9 ఎంఎం, .45 ప్రొహిబిటెడ్ బోర్ కిందకొస్తాయి, మామూలు పౌరుడికి రావు. అమెరికా వాళ్ల వీడియోలు చూసి గ్లాక్ గురించి అడిగేవాళ్లు ఇక్కడ వారానికొకరు తగుల్తారు, వాళ్లకీ ఇదే జవాబు. 1980ల మధ్య నుంచి వ్యక్తులు విదేశీ చేతి తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. అప్పటి వాల్తర్లు, స్మిత్ అండ్ వెసన్లు లైసెన్సుదారుల మధ్య లక్షల్లో చేతులు మారుతున్నాయి. ఆ ధర అరుదైన సరుకని పెట్టేదే, పనితనానికి కాదు.

మన దగ్గర కొత్తగా దొరికేవాటిలో రివాల్వర్ వైపే నా ఓటు. కారణం ఒక్కటే: తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా, దాన్ని కొట్టే సుత్తి కిందకి వస్తుంది. పిస్టల్ అయితే రెండో చెయ్యి కావాలి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే ఇనప భాగం) లాగాలి. మీ రెండో చేతిలో డబ్బు సంచో, బండి హ్యాండిలో ఉంటుంది.

కాన్పూరు ఆయుధ కర్మాగారం వాళ్ల నిర్భీక్ రివాల్వర్ 2014లో వచ్చింది. టైటానియం మిశ్రమం, అర కిలో బరువు, 6 తూటాలు. చెమటకి, ఉప్పుగాలికి తట్టుకుంటుంది, మన తీరానికి అదొక లాభం. 2023లో వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. నిర్భీక్‌లా నడుం విరిచి (తుపాకీని మధ్యలో మడిచి) తెరవక్కర్లేదు. మడత దగ్గర అరిగే కీలు, గొళ్లెం ఉండవు, ఫ్రేము ఒకే ముక్క. కొత్తగా కొనేవాళ్లకి నేనైతే ప్రబల్ చెప్తాను. యూపీలో సండీలాలో తయారయ్యే వెబ్లీ అండ్ స్కాట్ .32 కూడా ఉంది. డీలర్ దగ్గర మూడూ చేతిలోకి తీసుకుని చూడండి, మీ చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సరిగ్గా కూర్చోవాలి. చెయ్యి తిప్పితే గానీ వేలు అందకపోతే ఆ తుపాకీ మీది కాదు.

సుత్తి వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే ట్రిగ్గర్ నాలుగైదు కిలోల పైన బరువుంటుంది, ప్రయాణమూ పొడుగే. కొత్తవాళ్ల తూటా కిందకి, ఎడమకి పోయేది అందుకే (కుడిచేతి వాటం అయితే). సుత్తి లాగి పేల్చితే తేలిక, కానీ అలవాటు చేసుకోవద్దు. ఆపదలో సుత్తి లాగి, ఆ మనిషి పారిపోయాక వణికే చేతుల్తో దాన్ని నెమ్మదిగా దించాల్సి వస్తుంది. బొటనవేలు జారితే పేలుతుంది.

వంశధార_ఒడ్డు

మూడులాంతర్లు గారూ, రివాల్వర్ మంచిదే, కానీ దాచడం మాటేమిటి? సిలిండర్ దగ్గర మూడున్నర సెంటీమీటర్ల లావు. మన ఎండల్లో కోటు వేసుకోం, పల్చటి కాటన్ చొక్కా. .32 పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది, నడుముకి అతుక్కుపోతుంది. రోజూ పెట్టుకోవడానికి బరువుకన్నా లావే ఇబ్బంది. అశని లాంటి .32 పిస్టల్‌కి నాళానికీ సిలిండర్‌కీ మధ్య ఉండే సందు ఉండదు, పక్కలకి నిప్పు కక్కదు, మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) మార్చడం క్షణం పని.

కాకపోతే పిస్టల్ తీసుకునేవాళ్లు ఈ మూడూ తెలిసి తీసుకోవాలి.

ఒకటి, తూటా అంచు. .32 పిస్టల్ తూటా, అంటే 7.65 ఎంఎం బ్రౌనింగ్, సగం అంచున్న రకం (అడుగున అంచు కొంచెం బయటికి ఉంటుంది). మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు కూర్చోవాలి. వెనక కూర్చుంటే ఒకదాన్నొకటి పట్టేస్తాయి, స్లైడ్ ముందుకి తోసినా పై తూటా కదలదు. ఇది స్లైడ్ లాగితే పోయే జాం కాదు, మ్యాగజైన్ బయటికి తీసి తూటాలు ఖాళీ చెయ్యాలి. నింపేటప్పుడు ఒక్కో తూటాని ముందు నుంచి వెనక్కి జారుస్తూ పెట్టి, నిండాక మ్యాగజైన్ వీపుని అరచేతిలో మెల్లగా తట్టి, పైన వేలితో నొక్కి చూడండి. పొట్టి తూటాలైతే మ్యాగజైన్ లోపల వెనక్కి జరగడానికి జాగా ఎక్కువ, ఈ తంటా అక్కడే వస్తుంది. అందుకని గుండ్రటి మొన ఉన్న పూర్తి పొడుగు తూటాలే వాడాలి.

రెండు, మణికట్టు. ఇవి బ్లోబ్యాక్ పిస్టళ్లు. తూటా తన్నే తన్నుడికి స్లైడ్ వెనక్కి రావాలంటే ఫ్రేము కదలకుండా ఉండాలి. మణికట్టు వదులైతే చెయ్యి కూడా స్లైడ్‌తో పాటు వెనక్కి పోతుంది, పేలిన తూటా ఖాళీ గొట్టం పూర్తిగా బయట పడక స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది. తుపాకీ పాడైందని డీలర్ దగ్గరకి తెచ్చేవాటిలో చాలావాటికి విరుగుడు గట్టి పట్టే.

మూడు, ఖాళీ చేసే వరస. ముందు మ్యాగజైన్ తియ్యాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. తిరగేస్తే స్లైడ్ లాగినప్పుడు ఛాంబర్లో (నాళం వెనక తూటా కూర్చునే చోట) ఉన్నది బయట పడుతుంది, వదలగానే మ్యాగజైన్ లోంచి ఇంకోటి ఎక్కుతుంది, తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుంటారు. ఇళ్లల్లో పిస్టల్ పేలే ప్రమాదాలకి ఇదొక పాత దారి. వరస పూర్తయ్యాక స్లైడ్ తెరిచి కంటితో చూసి, చిటికెన వేలు ఛాంబర్లో పెట్టి తడమాలి.

రోజూ పెట్టుకునేటప్పుడు ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ నిండుగా ఉంచండి. పాత డిజైన్ల సేఫ్టీని నమ్మి ఛాంబర్లో తూటాతో తిరగడం కొత్తవాళ్ల పని కాదు.

మూడులాంతర్లు

అదే కదా నేను చెప్పేది. ఛాంబర్ ఖాళీ అంటే స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. లావు మాట ఒప్పుకుంటాను. రొక్కం పట్టుకుని బైక్ మీద ఒంటరిగా తిరిగే మనిషికి రివాల్వరే అంటాను. కారులో తిరిగేవాళ్లయితే మీ మాటకి ఎదురు చెప్పను.

దాచడం విషయంలో చట్టమే దాచమంటుంది, చాలామందికి ఈ సంగతి తెలీదు. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. చొక్కా ఎత్తి పదిమందికి చూపించడం, పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం లైసెన్సు పోగొట్టుకునే పనులు. 2019 సవరణ తర్వాత సంబరాల కాల్పులకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

హోల్‌స్టర్‌కి ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా మూసుకోవాలి, తుపాకీ తీశాక నోరు తెరుచుకునే ఉండాలి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ నోరు మూసుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌లో దూరుతుంది. బెల్టు గట్టిది, మూడున్నర నాలుగు సెంటీమీటర్ల వెడల్పుది కావాలి. లుంగీ మొలలో దోపుకోవడం, లాల్చీ జేబులో వేసుకోవడం వద్దే వద్దు. బైక్ మీద తిరిగేవాళ్లు నడుం మధ్యలో వెనక పెట్టుకుంటే, పడ్డప్పుడు ఇనుము నేరుగా వెన్నుపూసకి తగుల్తుంది. కుడి తుంటి వెనక వారన పెట్టండి.

కోటగోడ

తాతగారి రివాల్వర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 2016 నియమాల్లో దీనికి వీలుంది. లైసెన్సుదారు చనిపోయాకే కాదు, 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, చట్టబద్ధ వారసుడికి ఇవ్వొచ్చు. వారసుడికి విడిగా అర్హత ఉండాలి, పోలీసు విచారణ ఉంటుంది, లైసెన్సు మీ పేరున రావాలి. అది చేతికొచ్చేదాకా ఆ రివాల్వర్ మీ నడుముకి ఎక్కకూడదు, ఒక్క రోజుకైనా. ఇంటి తుపాకీయే కదా అనుకుంటే ఆయుధాల చట్టం కింద కేసే. తాతగారి ఒప్పుదల, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు ముందే సిద్ధం చేసుకోండి. ఫైలు ఎక్కువగా ఆగేది అన్నదమ్ముల పిల్లల సంతకాల దగ్గరే. 2019 నుంచి ఒక మనిషికి రెండు ఆయుధాలే అన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

పనికొస్తుందా అన్నది తుపాకీ చూస్తే గానీ తేలదు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర తాతగారి సమక్షంలో ఇవి చూపించండి.

ముందు ఛాంబర్ పొడుగు. పాత విలాయతీ .32 రివాల్వర్లలో చాలావి .32 స్మిత్ అండ్ వెసన్ పొట్టి తూటాకి చేసినవి. ఇప్పుడు మన డీలర్ల దగ్గర దొరికేది .32 లాంగ్. లాంగ్ ఛాంబర్లో పొట్టిది పడుతుంది గానీ పొట్టి ఛాంబర్లో లాంగ్ పట్టదు. పట్టేలా ఛాంబర్ లోతు చేయిస్తానని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. ఆ ఇనుము ఆ ఒత్తిడికి చేసింది కాదు. పిస్టల్ .32 తూటా వేరే, దాన్ని రివాల్వర్‌లో కూర్చోబెట్టే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యకూడదు.

తర్వాత సిలిండర్. తుపాకీ ఖాళీ చేసి, ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని సిలిండర్‌ని పక్కలకి కదిపి చూడాలి. కొంచెం ఆట ఉన్నా పర్లేదు, గలగలలాడితే ఛాంబర్ నాళానికి ఎదురుగా నిలవట్లేదని అర్థం. పేలిస్తే సీసం చెక్కుకుపోయి పక్కలకి ఎగురుతుంది. ఆరు ఛాంబర్లూ విడివిడిగా చూడాలి, అయిదు బాగుండి ఒకటి అరిగి ఉండటం మామూలే. నాళానికీ సిలిండర్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలిస్తే 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నడుం విరిచే రకమైతే పై గొళ్లెం మూసి నాళాన్ని పైకీ కిందకీ కదపండి. టక్కుమని శబ్దమొస్తే కీలు అరిగింది. విడిభాగాలు దొరకవు, ఎవరో ఒకరు చేత్తో రాకి చెయ్యాలి.

అన్నీ బాగున్నా ఒక షరతు: ఆ కాలపు రివాల్వర్లలో సుత్తికీ తూటాకీ మధ్య అడ్డు ఉండే ఏర్పాటు చాలావాటికి లేదు. సుత్తి మీద దెబ్బ తగిలేలా కింద పడితే పేలొచ్చు. అయిదే నింపి సుత్తి కింద ఖాళీ ఛాంబర్ ఉంచాలి.

నా మాట: వారసత్వంగా తీసుకోండి, ఇంట్లో బీరువాలో పెట్టండి. నడుముకి మాత్రం కొత్తదే.

పది_మీటర్లు

సాధన సంగతికి వస్తాను. .177 క్యాలిబర్ (నాళం సైజు), 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కి మన నియమాల్లో లైసెన్సు అక్కర్లేదు. డీలర్ గుర్తింపు కార్డు చూసి రాసుకుంటాడు, అంతే. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి 6 జౌళ్ల దగ్గరే ఉంటుంది: అర గ్రాము పెల్లెట్, సెకనుకి 150 మీటర్లు.

స్ప్రింగ్ పిస్టల్ చవక, కానీ పెల్లెట్ నాళంలో ఉండగానే లోపలి పిస్టన్ కొట్టుకుని తుపాకీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తప్పు మీదో తుపాకీదో తెలీదు. ఓపిక ఉంటే గాలి సిలిండర్ రకం (పీసీపీ) తీసుకోండి. స్టేయర్, మొరిని, పార్దిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు అందరివీ బాగుంటాయి, పిడి మీ చేతి సైజుకి సరిపోవడమే ముఖ్యం. వాడినది కొంటే మొదట చూడాల్సింది నాళం కాదు, గాలి సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ. వాటి ఆయుష్షు 10 ఏళ్లు. గడువు దాటినవి పోటీల్లో ఒప్పుకోరు, 200 బార్ ఒత్తిడి మొహానికి దగ్గర పెట్టుకుంటాం కాబట్టి ఇంట్లో కూడా ఒప్పుకోకూడదు. పిస్టల్ ధరలో కొత్త సిలిండర్ ఖర్చు తగ్గించి బేరమాడండి.

మన తీరంలో చేతిపంపుతో నింపితే గాలితో పాటు తేమ కూడా లోపలికెళ్లి వాల్వ్ తుప్పు పడుతుంది. డైవింగ్ సిలిండర్‌లో పొడిగాలి నింపించుకోవడం మేలు. పంపే వాడాల్సొస్తే మధ్యమధ్య ఆపండి, పంపు కిందున్న మర తిప్పి నీరు వదలండి.

ఇంటి వరండాలో 10 మీటర్లు కొలవండి. టార్గెట్ మధ్య నేల నుంచి 1.40 మీటర్లు. పదో వలయం 11.5 మిల్లీమీటర్లు, నల్లటి భాగం 59.5. వెనక చెక్కపెట్టెలో కిందకి వాల్చిన ఇనప రేకు పెట్టి అడుగున మెత్తటి పుట్టీ పరవండి. నిలువు రేకు పెడితే పెల్లెట్ ముక్కలు మీ వైపే తిరిగొస్తాయి. ఆ దారిలోకి తెరుచుకునే తలుపుంటే గడియ వెయ్యాలి. కళ్లద్దాలు తప్పనిసరి. పెల్లెట్లు సీసం, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు.

చూపు టార్గెట్ మీద కాదు, ముందు సైటు (నాళం కొసన గురి చూసే మొన) మీద. నల్ల వృత్తం మసకగానే కనపడాలి. కొత్తవాళ్లు నల్లదాన్ని స్పష్టంగా చూడాలని సైటు వదిలేస్తారు, సైటు ఒక మిల్లీమీటర్ పక్కకి పోయినా 10 మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది.

ఇది .32 ట్రిగ్గర్ నేర్పదు, అది నిజం. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ అర కిలో, రివాల్వర్‌ది దానికి పదింతలు. అందుకు ఖాళీ తుపాకీ సాధన చెయ్యాలి. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఆరు డమ్మీ (పేలని) తూటాలు నింపి, గట్టి గోడ వైపు గురిపెట్టి, నాళం ముందు భాగం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి నేరుగా నొక్కండి. బిళ్ల పడకుండా 20 సార్లు వస్తే చెయ్యి దారిలో పడ్డట్టే. లైసెన్సు .22 మీద వచ్చి ఉంటే డమ్మీ లేకుండా నొక్కొద్దు, ఆ రకంలో తూటాని కొట్టే పిన్ను నేరుగా ఛాంబర్ అంచుని కొడుతుంది, గుంట పడితే తూటాలు ఇరుక్కుంటాయి.

జీడిపిక్క

అందరికీ దండాలు. ప్రబల్ చూస్తాను, తాతగారిది వారసత్వంగా రాయించుకుంటాను. మూడు సందేహాలు. వ్యాపారం మీద నెలకి రెండుసార్లు బరంపురం వెళ్తాను, తుపాకీ వెంట తీసుకెళ్లొచ్చా? ఉద్దానంలో ఎలుగుల బెడద మీకు తెలిసిందే, .32 ఆపుతుందా? ఎన్నికలప్పుడు డిపాజిట్ చెయ్యమంటారట, ఎలా?

మూడులాంతర్లు

బరంపురం: లైసెన్సులో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసుంటుంది. అది ఆంధ్రప్రదేశ్ వరకే అయితే ఇచ్ఛాపురం దాటిన నిమిషం నుంచి మీది లైసెన్సు లేని తుపాకీయే. దరఖాస్తు ఇంకా కలెక్టరేట్‌లోనే ఉంది కదా, ఒడిశా వ్యాపారం కాగితాలు, జీఎస్టీ బిల్లులు జతచేసి ఇప్పుడే పరిధి అడగండి. తర్వాత అడిగితే మళ్లీ మొదట్నుంచి.

ఎలుగు: ఆపదు. .32 లాంగ్ తూటా 98 గ్రెయిన్ల (ఆరు గ్రాముల పైచిలుకు) సీసం, సెకనుకి 215 మీటర్ల వేగం. ఎలుగు బొచ్చు, కొవ్వు, పుర్రె దాటి లోపలికెళ్తుందన్న నమ్మకం లేదు. గాయపడిన ఎలుగు మామూలు ఎలుగు కన్నా ప్రమాదం. పైగా 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. ప్రాణరక్షణకి చంపితే నేరం కాదన్న సెక్షన్ ఉంది గానీ అది నిరూపించుకోవాల్సింది మీరే. తెల్లవారుజామున తోటకి గట్టి టార్చితో, నలుగురితో, మాట్లాడుకుంటూ వెళ్లండి.

కోటగోడ

డిపాజిట్ గురించి. ఎన్నికల షెడ్యూల్ రాగానే పోలీసుల నుంచి నోటీసు వస్తుంది, స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ ఇవ్వొచ్చు. డీలర్ అద్దె తీసుకుంటాడు, అయినా డీలరే నయం. స్టేషన్ మాల్ఖానాలో (సామాన్ల గదిలో) నెలల తరబడి గాలాడని చోట ఉంటే మన తేమకి తుప్పు పట్టి తిరిగొస్తుంది.

ఇచ్చే ముందు రోజు నాళం ఇత్తడి బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడిచి, లోపలా బయటా పల్చగా గన్ ఆయిల్ రాయండి. కొబ్బరినూనె వద్దు. ఉద్దానంలో ఇంటింటా ఉంటుంది కాబట్టి చెప్తున్నాను, చలికాలం 24 డిగ్రీల కింద గడ్డకట్టి పిన్నుని పట్టేస్తుంది. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి అప్పగించొద్దు, తోలు తేమ పీల్చి ఇనుముకి అంటిస్తుంది. నూనె గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో ప్లాస్టిక్ డబ్బాలో ఇవ్వండి. తూటాలు విడిగా, నూనె తగలకుండా. నూనె ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు రాజేసే భాగంలోకి) దిగితే ఆ తూటా పేలదు.

రసీదులో తుపాకీ నంబరు, క్యాలిబర్, తూటాల సంఖ్య, స్థితి ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. నంబరు లేని రసీదు తీసుకోవద్దు.